గేటు ఎప్పుడు వేయాలి

మా అక్క కూతురు సుమతికి రైల్వేలో గేటు ఉద్యోగం వచ్చింది. శిక్షణ ముగించుకుని తమిళనాడు హోసూరులో మా ఇంటికి వచ్చిన రోజు కాఫీ తాగుతూ అడిగింది.

"చిన్నమ్మా, క్లాసులో అంతా చెప్పిచ్చినారు. జెండా ఎట్ల పట్టుకోవాల, ఫోనులో ఎట్ల మాట్లాడాల, అంతా నేర్చుకున్నాను. ఇంక ఏముండాది ఈ పనిలో?"

"జనం ఉండారు," అన్నాను.

ఆ పూట అంతకంటే చెప్పలేకపోయాను. ఎదురుగా కూర్చుని చెప్పబోతే నాకు మాట సాగదు. అందుకే రాస్తున్నాను. సుమతి ఒక్కతే కాదు, ఈ పనిలోకి ఇప్పుడు చాలామంది ఆడపిల్లలు వస్తున్నారు, వాళ్ళూ చదువుకోవచ్చు. నేను మా ఊరి బడిలో తెలుగు మీడియంలో పదో తరగతి దాకా చదివాను. తప్పులుంటే సర్దుకోండి.

నా భర్త కీమ్యాన్‌గా ఉండేవాడు. సుత్తి భుజాన వేసుకుని రోజూ పట్టాల వెంట నడిచి, వదులైన చోట బిగించే పని. కామెర్లు వచ్చి ఆయన పోయాక, ఇంటి మనిషికి ఇచ్చే ఉద్యోగం నాకిచ్చారు. కొన్నాళ్ళు ఆఫీసులో ఫైళ్ళు మోశాను. తరువాత గేటుకు పంపారు. రిటైరయ్యేదాకా ఆ ఒక్క గేటులోనే ఉన్నాను. ప్రమోషన్ల కథలు, బదిలీల కథలు చెప్పను. అవి ఎవరివైనా ఒకటే.

చక్రం తిప్పడం ఒక పూటలో వస్తుంది

కెలమంగలం వైపు పల్లెల నుంచి వచ్చే రోడ్డు పట్టాలను దాటే చోట మా గేటు. పట్టాలకు ఒక పక్క పల్లెలు, రోజా తోటలు, పట్టుపురుగుల షెడ్లు. ఇంకో పక్క కంపెనీలు, వాటి వెనకాల ఊరు. పొద్దున పూట ఆ పక్క ఉన్నవాళ్ళందరూ ఈ పక్కకు రావాలి. కంపెనీ బస్సులు, మోటారు సైకిళ్ళు, పాల వ్యాన్లు, స్కూలు వ్యాన్లు, పూలు మార్కెట్టుకు చేర్చే ఆటోలు, అన్నీ ఒకే వేళకు వస్తాయి. సరిగ్గా అదే వేళకు బెంగళూరు పోయే ప్యాసింజరు వస్తుంది. దాని వెనకో ముందో ఒక ఎక్స్‌ప్రెస్, మధ్యలో దారి దొరికితే ఒక గూడ్సు.

రోడ్డు మీద ఉన్నవాళ్ళు రైలును తిట్టుకుంటారు. కానీ ఆ ప్యాసింజరులో కిటికీల దాకా కిక్కిరిసి ఉండేది కూడా పనికి పోయేవాళ్ళే. వాళ్ళకూ లేటవుతుంది, వాళ్ళకూ సూపర్వైజరు ఉంటాడు. మొదట్లో నాకు ఇది తట్టలేదు. గేటు దగ్గర నిలబడ్డవాళ్ళ మొహాలే కనబడేవి కాబట్టి వాళ్ళ కష్టమే కష్టమనిపించేది. బండిలో ఉన్నవాళ్ళ మొహాలు రెప్పపాటులో పోయేవి.

పని చెప్పుకుంటే చిన్నదే. స్టేషను మాస్టరు ఫోను చేస్తాడు. నేను చక్రం తిప్పితే రోడ్డుకు రెండు పక్కలా అడ్డకమ్ములు దిగుతాయి. రెండూ పూర్తిగా దిగి తాళం పడితేనే రైలుకు పచ్చ సిగ్నలు ఇవ్వడం కుదురుతుంది. పచ్చ ఇచ్చేశాక, దాన్ని వెనక్కి తీసుకుంటే తప్ప, బండి దాటేదాకా గేటు పైకి లేవదు. అంటే గేటు పడకపోతే రైలు దూరాన సిగ్నలు దగ్గర నిలబడిపోతుంది. గేటు పడితే రోడ్డు నిలబడిపోతుంది. ఎప్పుడైనా ఇద్దరిలో ఒకరు ఆగాలి. ఎవరు, ఎంతసేపు అన్నదే మా పని. మిగతాది చక్రం తిప్పడం. అది ఒక పూటలో వస్తుంది.

సుబ్రమణి సార్

మా స్టేషను మాస్టరు సుబ్రమణి సార్. ధర్మపురి వైపు తమిళాయన. మాతో మాట్లాడి మాట్లాడి తెలుగు నేర్చుకున్నాడు. ఆయన కింద పని చేయడం నా అదృష్టమనే చెబుతాను. గేటు గది నుంచి ఎప్పుడు ఫోను చేసినా రెండోసారి మోగకముందే ఎత్తేవాడు. నా కొడుకుకు టైఫాయిడ్ వచ్చినప్పుడు నేను అడగకుండానే లీవు రాసి, నా బదులు మనిషిని పంపాడు. మా గేటు దగ్గర ఆడవాళ్ళకు మరుగుదొడ్డి లేదని పైవాళ్ళకు రాసి రాసి, కట్టించేదాకా వదల్లేదు. ఈ ఉద్యోగంలోకి వచ్చే ఆడపిల్లలు మొదట అడగాల్సింది అదే. సిగ్గుపడి నీళ్ళు తాగడం మానేసి కిడ్నీలు పాడు చేసుకున్నవాళ్ళను నేను చూశాను.

సార్‌కు ఒక భయం ఉండేది. ఇక్కడికి రాకముందు వేరే స్టేషనులో పని చేస్తున్నప్పుడు, పొద్దున రద్దీలో గేటు పడక ఎక్స్‌ప్రెస్ చాలాసేపు ఆగిపోయిందట. పై నుంచి సంజాయిషీ అడుగుతూ ఛార్జిమెమో వచ్చింది. అప్పటి నుంచి ఆయన బండి ఇంకా రెండు స్టేషన్ల అవతల ఉండగానే గేటు వేయించడం మొదలుపెట్టాడు.

"సార్, బండి ఇంకా యాడనో ఉండాది. జనం తిడతా ఉండారు," అంటే ఒకటే మాట.

"తిట్టనీలేమ్మా రత్నా. ముందే ఏసేయ్. ఏసిన గేటు ఎవురినీ చంపదు."

ఆ మాట నాకూ సబబుగానే తోచింది. తెరిచిన గేటే కదా ప్రమాదం. మూసినదాంట్లో ఏముంది?

నిలబడ్డ జనం

మూసిన గేటు ముందు జనం ఎలా ఉంటారో కొన్నేళ్ళు చూశాక నాకు బాగా తెలిసింది. మొదట ఇంజను ఆపుతారు. ఫోను తీస్తారు. పక్కవాడితో రెండు మాటలు మాట్లాడతారు. ఆ తరువాత తల తిప్పి పట్టాల వెంట చూస్తారు. బండి కనబడకపోతే హారను మొదలు. ఎవరో ఒకరు నన్ను తిడతారు. ఆ తిట్టు వినగానే ఇంకొకరికి ధైర్యం వస్తుంది. కమ్మి కింద దూరి ఒకడు దాటుతాడు. వాడికేమీ కాదు. వాడి వెనక పదిమంది.

వాళ్ళలో సరళ అని ఒక అమ్మాయి ఉండేది. కెలమంగలం దగ్గర పల్లె. వాళ్ళింట్లో పట్టుపురుగులు పెంచేవాళ్ళు. తెల్లవారకముందే లేచి పురుగులకు ఆకు వేసి, వంట చేసి, గార్మెంటు ఫ్యాక్టరీ బస్సెక్కేది. గేటు పడితే బస్సు బండ్ల బారులో ఇరుక్కుపోతుంది. ఫ్యాక్టరీ చూస్తే కనబడేంత దూరంలోనే ఉంది. లేటుగా పోతే సగం పూట కూలి కోస్తారు. అందుకని ఆడపిల్లలంతా బస్సు దిగి, కమ్మి కింద దూరి నడిచి పోయేవాళ్ళు.

"సరళా, పోవద్దమ్మా," అని నేను గది నుంచి అరిచేదాన్ని.

"ఈ ఒక్క దినమే అక్కా," అని నవ్వుతూ దాటేసేది. మరుసటి దినం కూడా అదే మాట.

పూలాటో నడిపే వెంకటప్ప మాత్రం ఎప్పుడూ దిగేవాడు కాదు. ఆటోలో కూర్చునే గొణిగేవాడు. "అక్కా, రోజాలకు నోరు లేదు కాబట్టి సరిపోయింది. ఉంటే నీ గేటును ఇంకా బాగా తిట్టుండేవి." ఆయనతో నాకు రోజూ ఒక చిన్న జగడం. జగడమయ్యాక ఒక రోజాపువ్వు కిటికీలో పెట్టిపోయేవాడు.

అరవడం నా డ్యూటీ. అరిచాను, డ్యూటీ అయిపోయింది అనుకునేదాన్ని. రోజూ వినే అరుపు ఎవరి చెవికీ ఎక్కదని అప్పటికి నాకు తెలియదు.

ఆ పొద్దు

సన్నగా జల్లు పడుతున్న రోజు. ఎప్పటిలాగే సార్ ఫోను చేశాడు, గూడ్సు వస్తుందని. గేటు వేశాను, ఆయన సిగ్నలు ఇచ్చేశాడు. బండి మాత్రం పక్క స్టేషనులోనే ఆగిపోయింది. ఒక పెట్టెకు చక్రం వేడెక్కిందట, చూస్తున్నారట.

రోడ్డు నిండిపోయింది. బస్సుల బారు మలుపు దాకా పోయింది. నేను మళ్ళీ ఫోను చేశాను.

"సార్, సిగ్నలు వెనక్కి తీసుకుంటే గేటు ఎత్తేస్తాను. సగం జనమైనా పోతారు."

"ఇదో బయలుదేరతాదంట రత్నా. ఇప్పుడు ఎత్తితే ఆ జనంలో మళ్ళీ ఏయలేవు. కొంచెం ఉండు."

ఆయన అన్నదీ అబద్ధం కాదు. ఆ రద్దీలో ఒకసారి ఎత్తితే మళ్ళీ దించడం నిజంగానే కష్టం. ఆగాము. ఈలోపు జనం దాటడం మొదలుపెట్టారు. ముందు ఒకరిద్దరు, తరువాత గుంపులు. కాసేపటికి కమ్మి ఉన్నట్టే ఎవరికీ గుర్తు లేదు. ఒకరి వీపు చూసి ఒకరు నడుస్తున్నారు. పట్టాల వైపు చూసేవాళ్ళే లేరు.

సార్ ఫోను వచ్చింది. "బండి వదిలినారమ్మా. వస్తా ఉంది."

నేను బయటికి వచ్చి విజిలు ఊదాను. "బండి వస్తా ఉంది! నిలబడండప్పా, నిలబడండమ్మా!" అని గొంతు చించుకున్నాను.

గొడుగు పట్టుకున్న ఒకాయన నవ్వాడు. "ఇంతసేపు రాని బండి ఇప్పుడే వస్తాదా?"

ఆ నవ్వు ఇప్పటికీ నా చెవిలో ఉంది. ఆయన చెడ్డవాడేమీ కాదు. మా గేటు ఆయనకు నేర్పిన పాఠమే ఆయన నాకు అప్పజెప్పాడు.

నీలగిరి చెట్ల వెనక మలుపులో కూత వినబడింది. అప్పుడు గుంపు అటూ ఇటూ విడిపోయింది. సరళ మాత్రం పట్టాల మధ్యలో వంగి నిలబడి ఉంది. రోడ్డు దాటే చోట పట్టాకు ఆనుకుని, రైలు చక్రం పోవడానికి ఒక సందు ఉంటుంది. తడిలో జారి ఆమె పాదం ఆ సందులో ఇరుక్కుంది. చెప్పు పట్టీ బిగుసుకుపోయి కాలు రావడం లేదు.

సిగ్నలు ఎర్రగా మార్చి లాభం లేదు. బండి అప్పటికే దాన్ని దాటేసింది. నా చేతిలో ఎర్ర జెండా ఉంది. సరళ నాకు కొన్ని అడుగుల దూరంలో ఉంది. మనసంతా ఆమె వైపు లాగింది. శిక్షణలో చెప్పింది మాత్రం ఒకటే, జెండా పట్టుకుని బండికి ఎదురు పరిగెత్తమని. నేను సరళకు వీపు తిప్పి బండి వైపు పరిగెత్తాను. సుమతీ, ఈ ఉద్యోగంలో నేను చేసినవాటిలో అదే అన్నిటికంటే కష్టమైనది. కాలు లాగడానికి ఆ జనంలో ఎవరో ఒకరు వస్తారు, బండికి జెండా చూపడానికి మాత్రం నేను తప్ప ఎవరూ లేరు. పరిగెత్తుతూ అదే అనుకున్నాను. అనుకోవడమే, నమ్మకం లేదు.

డ్రైవరు జెండా చూశాడు. కూత ఆపకుండా వేస్తూ బ్రేకు పట్టాడు. గూడ్సుబండి అంత బరువుతో ఒక్కసారిగా ఆగదు. ఇనుము ఇనుము రాసుకునే చప్పుడుతో నన్ను దాటుకుని పోయింది. ఇంజనూ కొన్ని పెట్టెలూ రోడ్డు మీదుగా పోయాక ఆగింది.

నేను బండికి ఒక పక్క, గేటు దగ్గర జనం ఇంకో పక్క. అవతల ఏముందో కనబడదు. పెట్టెల సందులోంచి వంగి చూడటానికి నాకు ధైర్యం చాలలేదు. జెండా పట్టుకుని కంకర మీదే నిలబడ్డాను.

"ఉండాది! అక్కా, సరళ బతికే ఉండాది!"

వెంకటప్ప గొంతు. ఎన్నడూ ఆటో దిగని మనిషి దిగి, కమ్మి కింద దూరి, సరళను నడుము పట్టి లాగేశాడు. చెప్పు సందులోనే ఉండిపోయింది. ఆమె చీలమండ విరిగింది. ప్రాణం మిగిలింది.

బండి రోడ్డుకు అడ్డంగా చాలాసేపు నిలబడిపోయింది. ఆ పొద్దు ఒక్కరు కూడా హారను కొట్టలేదు.

సార్ నిలబడి చూసింది

విచారణ జరిగింది. వచ్చిన అధికారి నేను బండి ఎందుకు ఆపించానని కాక, జనాన్ని లోపలికి ఎందుకు రానిచ్చానని అడిగాడు. ఇంకో గొలుసు కట్టమన్నాడు, పోలీసును పెట్టి జరిమానా వేయించమన్నాడు. గొలుసు కట్టారు. మరుసటి దినమే జనం గొలుసు కింద కూడా దూరారు.

ఆ వారంలోనే ఒక పొద్దున నేను కిటికీలోంచి చూస్తే, బారులో లుంగీ కట్టుకుని, చేతిలో సంచి పట్టుకుని సుబ్రమణి సార్ నిలబడి ఉన్నాడు. ఆయనకు ఆ రోజు సెలవు. నన్ను పలకరించలేదు. కమ్మికి ఆనుకుని, పల్లెల నుంచి వచ్చినవాళ్ళ మధ్య నిలబడ్డాడు. ఆయన బదులు డ్యూటీలో ఉన్న మనిషి ఆయన నేర్పిన పద్ధతిలోనే చాలా ముందుగా గేటు వేయించాడు.

ఆయన పక్కన గంప దించుకుని నిలబడ్డ ఒక ముసలమ్మ స్టేషను మాస్టరును, ఆయన వంశాన్ని కలిపి తిట్టింది. సార్ వింటూ నిలబడ్డాడు. జనం కమ్మి కింద దూరుతున్నారు. ఆయన పట్టాల వైపు చూశాడు, గడియారం చూసుకున్నాడు, మళ్ళీ పట్టాల వైపు చూశాడు.

బండి పోయాక గదిలోకి వచ్చి స్టూలు మీద కూర్చున్నాడు. నీళ్ళిచ్చాను. తాగి గ్లాసు కింద పెట్టాడు.

"రత్నా, నాకు పోవాల్సిన పని ఏమీ లేదు. సంచిలో ఉన్నది పాత పేపర్లు. అయినా నా కాలే ముందుకు పోయినాదమ్మా. నాకే పోయినాది."

"అందరూ అంతే సార్."

"ఏసిన గేటు ఎవురినీ చంపదు అని చెప్తా ఉన్నాను కదా. ఉత్త గేటు ఏసి ఏసి, గేటంటే అబద్ధమని నేనే నేర్పించినాను వీళ్ళకు."

పెద్ద ఉద్యోగాల్లో ఉన్నవాళ్ళు చాలామందిని చూశాను. తమ పద్ధతి తప్పని తెలిస్తే కొందరు కింది మనిషి మీదికి తోస్తారు, కొందరు జనానికి బుద్ధి లేదంటారు. నిలబడి చూసి, తనే చెప్పుకున్నవాణ్ణి ఆయన్నొక్కణ్ణే చూశాను.

ఆలస్యంగా వేయడం

ఆ తరువాత ఆయన పద్ధతి మార్చాడు. పక్క స్టేషను వాళ్ళు బండి కదిలిందని చెప్పాకే నాకు ఫోను చేసేవాడు. బండి ఎక్కడైనా ఆగిందని తెలిస్తే సిగ్నలు వెనక్కి తీసుకుని గేటు ఎత్తించేవాడు. ఒక్కోసారి గేటు పడటం కొంచెం ఆలస్యమై బండి సిగ్నలు దగ్గర నెమ్మదించేది. ఆ మాట తను పడేవాడు.

నేనూ కొన్ని మార్చుకున్నాను. గదిలోంచి అరవడం మానేశాను. గేటు వేసి తాళం పడ్డాక బయటికొచ్చి బారు ముందు నిలబడేదాన్ని. "ప్యాసింజరు, ఇప్పుడే పోతాది," అనో, "గూడ్సు, పొడుగు బండి, ఇంజను ఆపేసుకోండప్పా," అనో ఉన్నది ఉన్నట్టు చెప్పేదాన్ని. నాకే తెలియకపోతే తెలియదనే చెప్పేదాన్ని. అది చెప్పడానికి మొదట్లో నోరు రాలేదు. తెలియదంటే మర్యాద పోతుందనుకున్నాను. పోలేదు.

కమ్మి దించే ముందు ఎవరిని ఆపాలన్నది కూడా నేర్చుకోవాల్సిన విద్యే. మోటారు సైకిలువాణ్ణి ఆపాలని చూస్తే మీదికొస్తాడు. బస్సు డ్రైవరును ఆపాలి. పెద్ద బండి ఆగితే దాని వెనక అంతా తానుగా ఆగుతుంది. అందుకే బస్సు డ్రైవర్లతో నేను స్నేహంగా ఉండేదాన్ని. మంచినీళ్ళకు నా గది తలుపు వాళ్ళకు ఎప్పుడూ తెరిచే ఉండేది.

సార్ గార్మెంటు ఫ్యాక్టరీకి కూడా పోయాడు, నన్నూ వెంట తీసుకుపోయాడు. షిఫ్టు ప్యాసింజరు పోయిన తరువాతకు జరపమని అడిగాడు. మేనేజరు కుర్చీలోంచి లేవలేదు.

"మీ రైలును చూసి మా టైము పెట్టుకోవాలా సార్?"

"రైలు టైము నా చేతిలో లేదు. మీ టైము మీ చేతిలో ఉండాది. అందుకే మీ దగ్గరికి వచ్చినాను."

"కుదరదు సార్. సరుకు అనుకున్న రోజుకు పోవాల."

అప్పుడు నేను మాట్లాడాను. అటువంటి చోట నోరు తెరవడం నాకు అలవాటు లేదు. "సార్, షిఫ్టు జరపకపోతే పోనీండి. పిల్లలు మీ బస్సులోనే వస్తా ఉండారు. బస్సు గేటు దగ్గర నిలబడితే అది వాళ్ళ తప్పు కాదు కదా. బస్సులో కూర్చున్నోళ్ళకు లేటు వేయకండి. అప్పుడు దిగరు."

ఆయన చూద్దామన్నాడు. ఆ మాట మీద నాకు నమ్మకం కుదరలేదు. కానీ కొన్నాళ్ళకు బస్సు దిగే ఆడపిల్లలు తగ్గారు. తరువాత అసలే దిగలేదు. అడిగితే, బస్సులో ఉంటే లేటు లేదన్నారని చెప్పారు. షిఫ్టు మాత్రం ఆయన ఎన్నడూ జరపలేదు. మనం అడిగిందంతా ఎక్కడా దొరకదు. దొరికిందాంతో పని జరిగితే చాలు.

సరళ నెలల తరబడి ఇంట్లోనే ఉంది. తిరిగొచ్చాక మిషను తొక్కే పని చేయలేకపోయింది. పాదం సరిగ్గా వంగదు. కుట్టిన బట్టలు సరి చూసే చోట కూర్చోబెట్టారు. ఒకసారి బస్సు కిటికీలోంచి పిలిచింది. "అక్కా, ఆ పొద్దు నువ్వు నన్ను వదిలిపెట్టి పరిగెత్తినావని మా అమ్మ కోపంగా ఉండె. నేను చెప్పినాను, అక్క జెండా చూపకపోతే వెంకటన్నకు కూడా వేళ ఉండేది కాదని." నేను చెయ్యెత్తాను. బస్సు కదిలిపోయింది. ఆమెకు నా మీద కోపం ఉండాల్సిందేమోనని చాలా రోజులు అనుకుంటూ ఉండేదాన్ని.

నిలబడ్డ బండి

ఆలస్యంగా వేయడానికీ ఒక వెల ఉంది. ఒక పొద్దున గ్రానైటు రాళ్ళు వేసుకుని కృష్ణగిరి వైపు నుంచి వచ్చిన లారీ సరిగ్గా పట్టాల మీద ఇరుసు విరిగి కూర్చుంది. సార్ అప్పుడే ఫోను చేశాడు, ఎక్స్‌ప్రెస్ వస్తుందని. ముందు పద్ధతిలో అయితే ఆ లారీ గేటు బయటే ఆగి ఉండేది.

"సార్, గేటు వేయలేను. లారీ పట్టాల మీద ఉండాది."

"జనం?"

"దూరంగా ఉండారు సార్."

"సరే. సిగ్నలు ఇయ్యలేదు. బండి ఆడనే నిలబడతాది. నువ్వు తొందరపడొద్దు రత్నా. నిదానంగా చేయించు."

ఎక్స్‌ప్రెస్ నిలబడింది. పై నుంచి ఆయనకు ఫోను మీద ఫోను. తరువాత విన్నాను, ఆయన ప్రతిసారీ ఒకే జవాబు చెప్పాడట. "గేటు పడలేదు. అందుకే బండి నిలబడింది. నిలబడటానికే ఆ సిగ్నలు పెట్టినారు." నాకు చేసిన ఫోనుల్లో మాత్రం ఆ తిట్లు ఒక్కటీ నా దాకా రానివ్వలేదు.

తోటల నుంచి రెండు ట్రాక్టర్లు తెచ్చారు. వెంకటప్ప తాళ్ళు తెచ్చాడు. బస్సు డ్రైవర్లు దిగి, జనాన్ని తామే వెనక్కి నిలబెట్టి దారి చేశారు. నన్ను తిట్టినవాళ్ళే లారీకి భుజం ఆనించారు. లారీ కదిలి కిందికి దిగింది. గేటు వేశాను. తాళం పడింది. బండి పోయింది.

సార్‌కు ఛార్జిమెమో వచ్చింది, ఆయన ఇన్నేళ్ళూ భయపడ్డ అదే కాగితం. గేటు గదికి వచ్చి నాకు చూపించి మడిచి జేబులో పెట్టుకున్నాడు. "వచ్చేసింది కదా. ఇంక దానికి భయపడే పని లేదు," అని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. కాసేపు కూర్చుని, మరుసటి దినం లీవులో ఉండేదెవరో అడిగి పోయాడు.

ఆ రెండు పద్ధతుల్లో ఏది మంచిదని నన్నడిగితే దాచకుండా చెబుతాను. బండి ఆగితే అందులో ఉన్నవాళ్ళకు ఆలస్యమవుతుంది, మనకు మాట వస్తుంది. రెండూ భరించొచ్చు. గేటు ఊరికే వేస్తే మన మీదికి మాట రాదు. కానీ ఎప్పుడో ఒకరోజు ఎవరో ఒక సరళ పట్టాల మీద ఉంటుంది. మన పైవాళ్ళ కాగితాల్లో ఆగిన బండే కనబడుతుంది, పట్టాల మీద మనిషి ముందుగా కనబడదు. కొత్తగా వచ్చేవాళ్ళు ఇది ఎరిగి ఉండాలి.

ఆఖరు డ్యూటీ

సుబ్రమణి సార్ నాకంటే ముందే రిటైరై సొంత ఊరు వెళ్ళిపోయాడు. ఆయన తరువాత వచ్చినవాళ్ళు ఆ పద్ధతినే ఉంచారు. కొందరు ఒప్పుకుని, కొందరు నా పోరు పడలేక.

నా ఆఖరు పొద్దు డ్యూటీ ఎప్పటి డ్యూటీలాగే నడిచింది. గేటు బదులు కడుతున్న పై వంతెనకు స్తంభాలు లేస్తున్నాయి కాబట్టి రోడ్డు ఇంకా ఇరుకు. ప్యాసింజరు అని ఫోను వచ్చింది. బస్సు డ్రైవరుకు చెయ్యెత్తాను, ఆగాడు. చక్రం తిప్పాను. తాళం పడింది. బారు ముందుకు పోదామని గది మెట్లు దిగుతున్నాను.

ఎవరో కొత్త కుర్రవాడు, మెడలో కంపెనీ కార్డు, మోటారు సైకిలును పక్కకు వంచి కమ్మి కింద దూర్చబోతున్నాడు. విజిలు నోటి దాకా తెచ్చాను. ఊదేలోపే, వాడి వెనక ఉన్న పాల వ్యాను డ్రైవరు తల బయటికి పెట్టాడు. ఆయన పేరు కూడా నాకు తెలియదు.

"ఓ అప్పా, యాడికి? ఆగు."

"బండి కనబడలేదు కదన్నా."

"కనబడేదానికి ఏముండాది? ఈ గేటు పడిందంటే బండి వస్తా ఉన్నట్టే."

కుర్రవాడు పట్టాల వైపు చూశాడు, ఆయన వైపు చూశాడు. మోటారు సైకిలు వెనక్కి లాగి ఇంజను ఆపేశాడు. మలుపులో కూత వినబడింది. నేను విజిలు జేబులో వేసుకుని, బండికి పచ్చజెండా చూపడానికి నా చోటులో నిలబడ్డాను.